గుండ్రటి లైట్లు చూస్తే ఎందుకింత ఆప్యాయత?

ప్రశ్న: మా బాపు కాజీపేట స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. దాని నల్లటి గుండు ఆయన చెయ్యి పడి పడి నున్నగా మెరిసేది. నిన్న హన్మకొండ చౌరస్తాలో కొత్త మహీంద్రా థార్ జీపు లైట్లు చూడగానే గొంతు పట్టేసింది. రెండూ వేర్వేరు బండ్లు కదా, ఎందుకిలా?

జవాబు: అన్నా, గుండ్రటి లైట్లుంటే బండికి కళ్ళున్నట్టే. ముఖం గుర్తుపడతాం.

జవాబు: లోపలంతా మారినా సరే. ఫోక్స్‌వాగన్ వాళ్ళ పాత బీటిల్ కారుకు ఇంజను వెనక, 1998 న్యూ బీటిల్‌కు ముందు. ఆ గుండ్రటి ఆకారమే జనాన్ని లాగింది.

ప్రశ్న వేసినవాడు: నిజమే తమ్ముడూ. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, బాపు ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఈ ఆదివారం థార్ అద్దెకు తీసుకుని ఆయన్ని భద్రకాళి గుడికి తీసుకుపోతా.