పేరు చూడకుండా రుచి చూసే బ్లైండ్ పోటీలో చవక సీసా గెలిచింది, ఖరీదు సీసా ఆఖర్న నిలిచింది. ఇక డబ్బులు పోసి కొనడం దండగేనా?

ఓక్‌పీపా
పోయిన శనివారం మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. ఉండేది సిన్సినాటిలో, నది దాటితే కెంటకీ, కాబట్టి బోర్బన్ అనే అమెరికా మొక్కజొన్న విస్కీ మాకు పక్కూరి సరుకు. ఐదు సీసాలు, మనిషికి ఒక్కోటి 15 మిల్లీలీటర్లు. మా ఆవిడ వంటింట్లో పోసి, గ్లాసుల కింద నంబర్ స్టిక్కర్లు అంటించి ట్రేలో పంపింది. ఎవాన్ విలియమ్స్ బాటిల్డ్ ఇన్ బాండ్, వైల్డ్ టర్కీ 101, మేకర్స్ మార్క్, ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్. ఐదోది మా తమ్ముడొకడు అరుదైన సీసాల కోసం పెట్టే లాటరీల్లో నెలల తరబడి పేరు ఇచ్చి, తగలక, విసిగిపోయి, ఒక షాపులో అసలు ధరకు నాలుగింతలు పెట్టి కొన్నది. దాని పేరు చెప్పను, చెప్తే చర్చంతా దాని మీదికే పోతుంది.

ఒక్కొక్కరం 1 నుంచి 5 దాకా ర్యాంకులు వేశాం, కూడితే ఏ సీసాకి తక్కువొస్తే దానిది గెలుపు. ఎవాన్ విలియమ్స్‌కి 13. ఖరీదు సీసాకి 26, ఆఖరు. స్టిక్కర్లు విప్పినప్పుడు రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

నా మాట ఒక్కటే. నాలుక చెప్పేసింది. ఇక నేను 40 డాలర్లు దాటి కొనను. కాదనేవాళ్లు చెప్పండి.

కల్లుముంత
ఇందులో చర్చ ఏముంది అన్నా. మనోళ్లు తాగేది లేబుల్ని. ఖాళీ సీసా కూడా షోకేసులో పెట్టుకుంటారు, చూశాను.

నాలుగింతలు_పెట్టినోడు
ఆ తమ్ముణ్ణి నేనే. అన్న కొన్ని సంగతులు రాయలేదు, నేను రాస్తా.

ఒకటి, రెండో గ్లాసుకీ మూడో గ్లాసుకీ మధ్య మిరపకాయ బజ్జీలు వచ్చాయి. వదిన చేసినవి, వద్దనలేం. రెండు, నా సీసాలో ఆల్కహాల్ 45 శాతం. గెలిచింది 50. నా గ్లాసు ఆఖర్న పెట్టారు, దానికి ముందు వైల్డ్ టర్కీ 101, అంటే 50.5 శాతం. డప్పుల మోత అయ్యాక వీణ వాయిస్తే ఎవరికి వినపడుతుంది?

ఓక్‌పీపా
బజ్జీలు నువ్వే ఎక్కువ తిన్నావు తమ్ముడూ.

ఉప్పు_సరిపోయిందా
నేను బిస్కెట్లు చేసే కంపెనీలో రుచి పరీక్షల విభాగంలో పని చేస్తాను, కాబట్టి కాస్త చాదస్తం భరించండి.

బజ్జీ విషయంలో ఆ తమ్ముడు చెప్పింది నిజమే. నోట్లో మిరపకాయ కారాన్ని పసిగట్టే గ్రాహకమే ఆల్కహాల్ మంటకీ స్పందిస్తుంది. కారం తిన్న నోటికి ఏ విస్కీ అయినా ఇంకా ఘాటుగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన మూడు గ్లాసులకీ అన్యాయం జరిగినట్టే.

దానికన్నా పెద్ద తప్పు, అందరికీ ఒకే వరసలో పోయడం. ఆరుగురికీ ఐదో గ్లాసు ఒకటే అయితే, మీరు వేసిన ర్యాంకు ఆ విస్కీకా, ఐదో స్థానానికా? ఐదు గ్లాసులు కలిపి 75 మిల్లీలీటర్లు. అమెరికా లెక్కలో రెండు డ్రింకులు దాటాయి. ఉమ్మడానికి కప్పు పెట్టారా? పెట్టి ఉండరు. ఆఖరి గ్లాసుకి తీర్పు చెప్పింది మొదటి గ్లాసు తాగిన మనుషులు కారు.

మూడో_గ్లాసు
నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. అక్కా, ఇంకో సంగతి ఉంది, ఎవరితోనూ అనలేదు. వంటింట్లో వదిన సీసాలు తీస్తుంటే వినపడింది. ఎవాన్ విలియమ్స్‌కి మరమూత, చప్పుడు లేదు. ఆఖర్న మాత్రం గట్టిగా "టప్" మంది, కార్కు. అది ఏ సీసానో ట్రే రాకముందే అనుకున్నాను. తాగాక "ఇంత పెట్టి కొన్నది ఇంతేనా" అనిపించి 5 వేశాను. ఆ చప్పుడు వినపడకపోయి ఉంటే అంత కఠినంగా వేసేవాణ్ణి కాదేమో.

నాలుగింతలు_పెట్టినోడు
ఇది ఇప్పుడా చెప్పేది!!

పాతకాపు_లూయీవిల్
పిల్లలూ, పాతికేళ్లుగా ఇక్కడ కెంటకీలోనే ఉంటున్నాను. బ్లైండ్ తప్పని అనను, కానీ అది ఏం కొలుస్తుందో చూసుకోవాలి.

వెల్లర్ 12, వ్యాన్ వింకిల్ 12 తీసుకోండి. రెండూ బఫెలో ట్రేస్ డిస్టిలరీలోనే తయారవుతాయి, రెండింట్లోనూ రై అనే ధాన్యం బదులు గోధుమే, వయసు పన్నెండేళ్లు, ఒకటి 45 శాతం, ఇంకొకటి 45.2. బయటి మార్కెట్లో ధరల మధ్య నింగికీ నేలకీ ఉన్నంత తేడా. తేడా అసలే లేదనను, ఏ పీపాలు ఏరారన్నది ఉంటుంది. కానీ ఆ ధర రుచికి కాదు, దొరక్కపోవడానికి. అంటే ఖరీదు సీసా బ్లైండ్‌లో ఓడిపోతే వింతేమీ లేదు, అది ఎప్పుడూ ఆ పోటీలో లేదు.

ఇంకొకటి. బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలని చట్టం. వెనిల్లా, పాకం అన్నీ ఆ కర్ర నుంచే. ఏళ్లు గడిచేకొద్దీ అదే కర్ర వగరు కూడా దింపుతుంది. 15 మిల్లీలీటర్ల గుక్కలో తియ్యగా, గట్టిగా ఉన్నది గెలుస్తుంది, వగరుది ఓడుతుంది. మామిడికాయ పప్పు ఒక చెంచా నాకి ఎవరైనా మార్కులు వేస్తారా? అన్నంలో కలిపి తినాలి. నాకు సాయంత్రం అరగంట చేతిలో ఉండే గ్లాసు కావాలి, పోటీలో గెలిచేది కాదు.

ఓక్‌పీపా
గౌరవంతోనే అడుగుతున్నా బాబాయ్, ఆ అరగంటలో మీకు ఎదురుగా సీసా కనపడుతూనే ఉంటుంది కదా. వగరు కమ్మగా అనిపించేది దాని వయసు తెలిసి కాదని ఎలా చెప్తారు?

పాతకాపు_లూయీవిల్
చెప్పలేను. చెప్పాల్సిన అవసరమూ లేదు, నా డబ్బులు.

తాటిబెల్లం_హైదరాబాద్
మీ గొడవ చూస్తుంటే నవ్వొస్తోంది. మాకు ఇక్కడ 2025 ఫిబ్రవరిలోనే బోర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గింది. తగ్గాక కూడా మీ చవక సీసా మాకు మహారాజ సీసానే. మాకు బ్లైండ్ అంటే సరదా కాదు, పొదుపు. స్నేహితుల దగ్గర చుక్క చుక్క తెచ్చి పోల్చుకున్నాకే ఒకటి కొంటాం.

ఒక చిన్న మనవి. రుచి గురించి నోట్స్ రాసేటప్పుడు "చెర్రీ, మేపుల్" అని ఇంకొకళ్లవి కాపీ కొట్టకండి. నేను మేపుల్ సిరప్ జన్మలో తినలేదు. నాకు వచ్చింది మాడిన తాటిబెల్లం, వేరుశనగ పొట్టు. అలా రాసుకున్నాకే నా రుచి ఏంటో తెలిసింది. రంగు చూసి వయసు ఊహించకుండా స్టీలు గ్లాసులో కూడా పోయించుకున్నాను. వాసన సరిగా అందలేదు, అది మాత్రం పొరపాటే.

కల్లుముంత
స్టీలు గ్లాసులో బోర్బన్, జేజమ్మ చూస్తే మజ్జిగనుకుంటుంది 😄

ఉప్పు_సరిపోయిందా
అసలు ప్రశ్నకి వద్దాం. "ఏది బాగుంది" అని అడిగే ముందు "తేడా తెలుస్తోందా" అని అడగాలి. మూడు గ్లాసులు పెట్టండి, రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు తగులుతుంది కాబట్టి ఒక్కసారి తగిలితే లెక్కలోకి రాదు. ఆరుసార్లు చేసి ఐదు పట్టుకుంటే నమ్ముతాను. తేడానే తెలియకపోతే ర్యాంకుల గోల ఎందుకు? తెలిస్తే, అప్పుడు నచ్చిందా లేదా అన్నది మీ ఇష్టం, అందులో ఎవాన్ విలియమ్స్ గెలిచినా నాకు ఆశ్చర్యం లేదు. బాటిల్డ్ ఇన్ బాండ్ అంటే 1897 చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్‌లో కాచిన సరుకు, కనీసం నాలుగేళ్లు, 50 శాతం. అదేం ఆషామాషీ సరుకు కాదు.

ఓక్‌పీపా గారూ, ఆ రాత్రి ఫలితం తప్పని నేను అనట్లేదు. దాంతో "40 డాలర్లు దాటి కొనను" అనే దాకా పోలేమంటున్నాను.

ఓక్‌పీపా
సరే, కార్కు చప్పుడుకి తల వంచుతున్నా. వచ్చేసారి ముందే అన్నీ ఒకే రకం చిన్న సీసాల్లోకి వంపేస్తాం. బజ్జీలు ఆఖర్న. కానీ 40 డాలర్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఖరీదు ఎక్కువైతే రుచి ఎక్కువని నిరూపించాల్సింది అమ్మేవాడు, నేను కాదు.

నాలుగింతలు_పెట్టినోడు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. అక్క చెప్పినట్టే చేశాను. నాదీ, ఎవాన్ విలియమ్స్‌దీ. మొదట రెండింటిలో నీళ్లు కలిపి ఒకే శాతానికి తెచ్చాను. మా ఆవిడ పోసింది, గ్లాసుకి 10 మిల్లీలీటర్లు, రాత్రికి రెండుసార్ల చొప్పున మూడు రాత్రులు. మధ్యలో మంచినీళ్లు, ఉప్పు లేని బిస్కెట్. ఆరింటిలో నాలుగు పట్టుకున్నా!

ఉప్పు_సరిపోయిందా
నాలుగంటే ఊరికే ఊహించినా దాదాపు పదిమందిలో ఒకరికి వచ్చేస్తుంది తమ్ముడూ. ఇంకో ఆరుసార్లు చెయ్యి.

నాలుగింతలు_పెట్టినోడు
అక్కా, ఇప్పటికే సీసాలో మూడో వంతు కూడా లేదు. తేడా ఉందని తేలేసరికి విస్కీ ఉండదు.

పాతకాపు_లూయీవిల్
ఉన్నది పట్టుకుని ఈ వారం లూయీవిల్ వచ్చెయ్. స్టిక్కర్లు తేకు.