సగం బండి దారిలో పారేసే రాకెట్లు ఇంకా ఎన్నాళ్లు?

ఆటోనగర్ అన్న (విజయవాడ):
బెజవాడలో ఎక్కిన బస్సు తాడేపల్లిలో సీట్లు, మంగళగిరిలో చక్రాలు, పెదకాకానిలో ఇంజను పారేసుకుంటూ పోయి గుంటూరుకి మనిషిని ఒక్కణ్నే చేరిస్తే టికెట్టు ఎంతవుద్ది? మన ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ చేసేది అదే. నాలుగు దశలు, అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన నాలుగు ముక్కలు, నాలుగూ పోయేవే. నిండా పోసుకుని లేచి, సరుకు దించి, అదే ఒంటితో కిందికొచ్చే ఒకే దశ రాకెట్ కావాలి. అది వచ్చేదాకా అంతరిక్షం డబ్బున్నోళ్ల తిరునాళ్లే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

అరండల్‌పేట 4వ లైను:
నాన్‌స్టాప్ అని బోర్డున్న బస్సు కూడా మంగళగిరిలో ఆగుద్దండి.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
కారణం లెక్కలో ఉంది. భూమికి దగ్గరి కక్ష్యలో తిరగాలంటే సెకనుకు 7.8 కి.మీ. వేగం కావాలి. ఎక్కేటప్పుడు గురుత్వం, గాలి తినేసేది కలిపితే రాకెట్ సంపాదించాల్సింది 9.3 దాకా వస్తుంది. 1903లో రష్యా శాస్త్రవేత్త సియొల్కోవ్‌స్కీ ప్రకటించిన రాకెట్ సూత్రంలో వేసి చూడండి. హైడ్రోజన్, ఆక్సిజన్ జోడీతో కూడా 100 టన్నుల రాకెట్‌లో దాదాపు 88 టన్నులు అవే. కిరోసిన్ వాడితే 94. హైడ్రోజన్‌తో మిగిలే ఆ 12 టన్నుల్లోనే ట్యాంకులు, ఇంజన్లు, తిరిగొచ్చేటప్పుడు వేడికి కవచం, దిగే కాళ్లు అన్నీ ఇమడాలి. ఖాళీ బండి అనుకున్నదానికన్నా రెండు టన్నులు పెరిగితే మీ లోడు మొత్తం గల్లంతు. దశలు సరదాకి పెట్టలేదు. ఖాళీ అయిన ట్యాంకుని పైదాకా మోయడం దండగ కనక పెట్టారు.

ఆటోనగర్ అన్న:
ఖాళీ బండి బరువు గురించి నాకు చెప్తున్నారా మాస్టారూ? ఇరవై రెండేళ్లుగా లారీలకు బాడీలు కట్టిస్తున్నా. బరువెక్కువైతే తగ్గించే దారి చూస్తాం, బండి మానేస్తామా? అయినా మన ఇస్రో రెక్కల బండి పుష్పక్ చిత్రదుర్గ దగ్గర దిగింది కదా. దానికి దశలెక్కడున్నాయి?

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, పుష్పక్ సొంతంగా లేవలేదు. హెలికాప్టర్ నాలుగున్నర కి.మీ. ఎత్తుకు మోసుకెళ్లి వదిలితే రన్‌వే మీద దిగింది, 2024లో కూడా అంతే. 2016లో శ్రీహరికోట నుంచి ఎగిరినదాన్ని లేపింది కింద తగిలించిన బూస్టరు. మీరనే ఒకే దశ కోసం అమెరికావాళ్లు 1996లో ఎక్స్-33 అనే నమూనా బండి మొదలుపెట్టారు. బరువు తగ్గుద్దని హైడ్రోజన్ ట్యాంకు కాంపోజిట్‌తో, అంటే జిగురుతో అతికిన నార పొరలతో చేశారు. 1999లో పరీక్ష చేస్తే పొరలు విడిపోయాయి. 2001లో ఒక్కసారీ ఎగరకుండానే మూసేశారు.

ఆటోనగర్ అన్న:
పుష్పక్ దిగిందా లేదా? దిగింది. నేనడిగింది అంతే.

బ్రాడీపేట మాస్టారు:
మీరడిగింది అది కాదు. పైన మీ పోస్టే ఉంది, చదువుకోండి. దిగడం వేరు, ఒకే దశతో కక్ష్యకెక్కడం వేరు.

ఆటోనగర్ అన్న:
1993లో అమెరికావాళ్ల ప్రయోగ రాకెట్ డీసీ-ఎక్స్ నిలువునా లేచి నిలువునా దిగింది. ఒకటే దశ. దీనికేమంటారు?

బ్రాడీపేట మాస్టారు:
దాని తర్వాతి రూపం ఎక్కిన అత్యధిక ఎత్తే 3 కి.మీ. పైచిలుకు. 1996లో దిగేటప్పుడు ఒక కాలు తెరుచుకోక పక్కకి ఒరిగి తగలబడింది. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి హిమాలయం ఎక్కానన్నట్టుంది మీ వాదన. ఇది లారీ బాడీ కట్టినంత తేలిక కాదండీ.

ఆటోనగర్ అన్న:
వచ్చిందా అసలు మాట! లారీవాడికి రాకెట్ ఎందుకని. మావాడు ఇంటర్లో ఉండగా రాకెట్ నమూనా చేస్తానంటే, వాళ్ల లెక్చరర్ క్లాసులో అందరి ముందు "ముందు ర్యాంకు సంగతి చూసుకో" అన్నాడు. వాడు ఆ అట్టపెట్టె అటకెక్కించి మళ్లీ దించలేదు. మీ లెక్కలన్నీ ఇందుకే, కుర్రాళ్ల నోరు మూయించడానికి.

బ్రాడీపేట మాస్టారు:
ఆ లెక్చరర్ని నేను కాదు. లారీ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క మాత్రం తీసుకోను.

ఆటోనగర్ అన్న:
లెక్క మీ దగ్గరే పెట్టుకోండి. దశ ఒకటైతే నాకేంటి, రెండైతే నాకేంటి! ఇవాళ సరుకు దించిన బండి రేపు మళ్లీ లోడెత్తాలి. నా బాధ అది.

బ్రాడీపేట మాస్టారు:
మరి ఆ ముక్క మొదటే అనుంటే ఇంత రాసేవాణ్ని కాదు కదా! రెండు దశలు పెట్టి రెండూ వెనక్కి తెచ్చుకోవచ్చు. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్ 9 మొదటి దశ 2015 డిసెంబరులో దిగింది. ఓసారి దిగిన దశే 2017లో మళ్లీ ఎగిరింది. పై దశ మాత్రం ఇప్పటికీ పోతోంది. మన కొత్త రాకెట్‌కి 2024 సెప్టెంబరులో 8,240 కోట్లు మంజూరు చేశారు, అందులోనూ మొదటి దశ తిరిగొచ్చేదే.

పటమట పద్దులు:
ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పద్దులు రాసేదాన్ని, ఒక్క మాట. తిరిగొచ్చిన బండికి కిరాయి ఉందా? 2024లో ఫాల్కన్లు 130 సార్లకు పైగా ఎగిరాయి. వాటిలో ఎక్కువ ట్రిప్పులు స్పేస్‌ఎక్స్ వాళ్ల ఇంటర్నెట్ ఉపగ్రహాలు స్టార్‌లింక్‌వే, అంటే సొంత సరుకు. ఆ ఏడాది ఇస్రో కక్ష్యకు పంపిన రాకెట్లు 5. ఐదు ట్రిప్పులకి పారేసే బండే చవక పడొచ్చు. షెడ్డులో నిలబడ్డ బండికి కూడా జీతాలు, మరమ్మతులు తప్పవు కదా.

ఆటోనగర్ అన్న:
బండి ఉంటే కిరాయి అదే వస్తుందమ్మా.

బ్రాడీపేట మాస్టారు:
అక్కడ మాత్రం మీతో కలవను. మొదట కిరాయి ఉండాలి.

పటమట పద్దులు:
అన్నా, మీరే పోయినేడు ఇక్కడ రాశారు. మిర్చి సీజన్ని నమ్ముకుని రెండో లారీ కొంటే, లోడ్లు లేక మూడు కిస్తీలు తప్పితే, ఫైనాన్సువాళ్లు చిలకలూరిపేట దగ్గర బండి ఆపి తీసుకుపోయారని.

ఆటోనగర్ అన్న:
అవును, తీసుకుపోయారు. తర్వాతి సీజన్‌లో యార్డులో లారీలు దొరక్క జనం తిరిగారు. ఆ బండి నా దగ్గరుంటే కిస్తీలన్నీ ఒక్క సీజన్‌లో తీరేవి. ఆ సంగతి మీ పద్దుల్లో రాస్తారా?

అరండల్‌పేట 4వ లైను:
మిర్చి ఏటా పండుద్ది. ఉపగ్రహాలు అట్టా పండవు.

ఆటోనగర్ అన్న:
నువ్వుండవయ్యా. మాస్టారూ, ఆ 12 టన్నుల్లో దిగే కాళ్లకి ఎంత వేశారు?

బ్రాడీపేట మాస్టారు:
రాత్రి పదకొండైంది. పొద్దున కాఫీ తాగి వేసి పెడతాను.