ముదురు: దేనికి ముదురు?

హాలియా సభ్యురాలు:
ఒక చిన్న అనుమానం. మా నాన్న నారుమడి దగ్గర నిలబడి "నారు ముదిరింది, ఇగ నాటినా దండగే" అని టెన్షన్ పడుతున్నాడు. దానిమ్మ కర్ర కోసం నర్సరీకి పోతే అక్కడాయన "ఈ కొమ్మ ఇంకా ముదరలేదమ్మా, కొన్నాళ్లు ఆగు" అన్నాడు. ముదరడం ఒకచోట దోషం, ఇంకోచోట అర్హత. ఒకే మాట రెండు పనులు ఎట్లా చేస్తున్నది? హాస్టల్ కిటికీలో నేను కప్పుల్లో గుచ్చి పెట్టుకున్న గులాబీ కొమ్మలకు ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందో కూడా చెబితే పుణ్యం.

నకిరేకల్ సభ్యుడు:
మంచి ప్రశ్న, అమ్మా. "బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాడు" అనే సామెత విని విని, ముదురు అంటే చెడిపోయినదే అని మన బుర్రలో పడిపోయింది. ఆ సామెతలో బెండకాయనే తీసుకుందాం. కొస విరిచినప్పుడు టక్కున విరగకపోతే కూరకు ముదురు, పక్కన పడేస్తాం. కానీ వచ్చే ఏడాదికి విత్తనం కావాలంటే అదే కాయను చెట్టు మీదే వదిలేసి, ఎండి పగుళ్లు వచ్చేదాకా చూడాలి. అప్పటిదాకా అది విత్తనానికి లేతే. కాయ ఒకటే, రోజు ఒకటే. కూరకు ముదురు, విత్తనానికి లేత.

నాకు తోచింది ఇదీ: "ముదురు"కు ముందు ఎప్పుడూ ఒక "కు" దాగి ఉంటుంది. నాటుకు ముదిరింది, కూరకు ముదిరింది, అంటుకు ముదరలేదు. రైతులిద్దరూ మడి గట్టు మీదే నిలబడి మాట్లాడుకుంటారు కాబట్టి ఆ "కు" నోటితో చెప్పే అవసరం ఉండదు. మీ నాన్న మాటలో దాగినది "నాటుకు", నర్సరీ ఆయన మాటలో దాగినది "వేరు పట్టడానికి".

నారు సంగతి కొంచెం విప్పి చెబుతాను, మీ నాన్న బాధ ఉత్తది కాదు. పంటకాలం ఎన్ని నెలలో నారుమడిలో అన్ని వారాలు అనేది పాత లెక్క. ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, 125 రోజుల రకం. అంటే ఇంచుమించు 4 వారాల నారు. సాంబ మసూరి లాంటి దీర్ఘకాలిక రకానికి ఇంకో వారం ఓర్పు ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద చిక్కెక్కడంటే, బోరు నీళ్లతో తుకం పోసుకున్నోళ్లు, అంటే నారుమడిలో విత్తనాలు చల్లుకున్నోళ్లు, కరిగెటకు, అంటే పొలం దమ్ము చేయడానికి, కాలువ నీళ్ల కోసం చూస్తారు. నీళ్లు ఆలస్యమైతే నారు ఆగదు. మడిలోనే కణుపు కడుతుంది. అట్లాంటిది తీసి నాటితే, పొలంలో పిలకలు వేయాల్సిన కాలం సగం మడిలోనే అయిపోయి ఉంటుంది కాబట్టి పిలకలు తక్కువ వస్తాయి. అందుకే ముదురు నారు వేయక తప్పనప్పుడు కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి దగ్గర దగ్గరగా నాటుతారు. ఆకుల కొసలు తుంచడం కూడా ఉంది, కాండం తొలుచు పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా అక్కడే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. రోజుల లెక్క ముదురుకు సరిపోదు. యాసంగిలో చలికి నారు ముడుచుకుపోతుంది. డిసెంబరులో నెల నారు చూడటానికి వానకాలపు 3 వారాల నారంత కూడా ఉండదు. క్యాలెండర్ ప్రకారం ముదురే, కంటికి లేత. పెద్దలు "ఎన్ని రోజులది?" అని అడగకుండా "ఎన్ని ఆకులేసింది?" అని అడిగేది అందుకే. కరపత్రాల్లో రోజులు రాస్తారు, తప్పు లేదు. రాసేవాడు మడి చూడలేడు కదా.

మిర్యాలగూడ సభ్యుడు:
అన్నా, "కు" సిద్ధాంతం బాగుంది గానీ "వాడు ముదురు" అన్నప్పుడు అందులో "కు" ఎక్కడుంది? దేశముదురులో ఎక్కడుంది?

నకిరేకల్ సభ్యుడు:
"వయసుకు" ఉంది తమ్ముడూ. పదేళ్ల పిల్లగాడు పెద్దమనిషిలా బేరమాడితే ముదురంటాం, డెబ్బై ఏళ్ల ముసలాయన బేరమాడితే ఎవరూ అనరు. "రోగం ముదిరింది" అన్నా మందుకు లొంగనంత అనే. అయితే "ఎండలు ముదిరాయి" దగ్గర నా సిద్ధాంతం నిలవదు, ఒప్పుకుంటా. అక్కడ ఉత్త పెరగడమే. "పగ ముదిరింది", "గొడవ ముదిరింది" కూడా అంతే.

మాట పుట్టుక పాతదే. ముది, ముదిమి, ముదుసలి, ముదివగ్గు అన్నీ దీని చుట్టాలే. కన్నడంలో ముసలాయన ముదుక, తమిళంలో పెద్దవాళ్లు ముదియోర్. అన్నట్టు "ముదిత"ను ఈ గుంపులో కలపకండి. అది సంస్కృతం నుంచి వచ్చింది, సంతోషించినది అని అర్థం, తెలుగులో స్త్రీ అనే అర్థంలో వాడుకున్నాం. ముదితకూ ముదిమికీ చుట్టరికం లేదు. ఇంట్లో ఆడవాళ్ల ముందు ఈ వ్యుత్పత్తి చెప్పే సాహసం చేసేవాళ్లు గమనించగలరు.

దేవరకొండ సభ్యుడు:
మాకు బత్తాయి తోట ఉంది కాబట్టి అంటు గురించి నేను చెప్తా. మా దగ్గర రంగపూర్ నిమ్మ మొక్క మీద బత్తాయి కన్ను, అంటే కొమ్మ మీది మొగ్గ, తెచ్చి అంటు కడతారు. కింది మొక్క పెన్సిల్ లావు రావాలి. కన్ను తీసే కొమ్మ లేతదైతే కన్ను ఎండిపోతది. లేతా ముదురా అని చెప్పడానికి మా పెద్దలకు వయసు లెక్క అక్కర్లేదు, కొమ్మను వేళ్ల మధ్య దొర్లించి చూస్తారు. బత్తాయి లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, మూడు పలకలుగా వేళ్లకు తగులుతది. ముదిరేకొద్దీ పలకలు పోయి గుండ్రమైతది. గుండ్రమైతే "ముదిరింది, కన్ను తీయొచ్చు". ఇంకో మాట, మొక్క తెచ్చి నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడొద్దు. పూడితే బంక తెగులుకు మనమే దారి ఇచ్చినట్టు.

నకిరేకల్ సభ్యుడు:
ఆ మూడు పలకల సంగతి కోసమైనా ఈ చర్చ పెట్టినందుకు హాలియా చెల్లెకు దండం. చూశారా, ఇక్కడ ముదురు చేతికి తగిలే గుణం. సంతలో సొరకాయకు గోరు దింపి చూసే ఆడవాళ్లదీ ఇదే పద్ధతి, కాకపోతే వాళ్లకు కావాల్సింది లేత. అమ్మేవాడు తిట్టేదీ ఆ గోటినే.

ఇప్పుడు నాకొక కోరిక. గులాబీ, మల్లె లాంటి వాటికి నర్సరీవాళ్లు కోసేది మరీ లేతా కాదు, మరీ ముదురూ కాదు. పుస్తకాల్లో దీన్ని "మధ్యస్థంగా ముదిరిన కొమ్మ" అని రాస్తారు. చదివేసరికి కొమ్మ నిజంగానే ముదురుతుంది. మనకు "దోర" అనే మాట ఉంది కదా. దోర జామకాయ, దోర మామిడికాయ. దోర కొమ్మ అంటే తప్పేంటి?

అచ్చంపేట సభ్యురాలు:
తప్పు కాదు గానీ అతకదు, అన్నా. దోర అనేది పండబోయే కాయకు. కొమ్మ పండదు కదా. పల్లీలు దోరగా వేయించడంలో కూడా రంగు తిరగడం ఉంది. కొమ్మను దోర అంటే మా అమ్మ నవ్వుతుంది. "నడీడు కొమ్మ" అనండి, అందరికీ తెలుస్తుంది.

నకిరేకల్ సభ్యుడు:
నడీడు బాగానే ఉంది, కానీ మనిషి వాసన కొడుతున్నది. దోర కొమ్మ విషయంలో కూడా రంగు తిరగడమే జరుగుతుంది మరి. చిగురు ఎరుపు పోయి ఆకుపచ్చ, ఆకుపచ్చ పోయి బెరడు రంగు. ఆ మధ్య ఘట్టమే దోర. నేను వదలను.

సరే, చెల్లె గులాబీల దగ్గరికి వద్దాం. కొమ్మను మెల్లగా వంచి చూడు. తాడులా వంగిపోతే ఇంకా లేత, కప్పులో కుళ్లుతుంది. కాస్త వంగి టక్కున విరిగి, విరిగిన చోట పచ్చగా తడి కనిపిస్తే అదే అదను. పూత రాలిపోయిన కొమ్మ తీసుకుంటే చాలాసార్లు ఆ దశలోనే ఉంటుంది. కణుపు కిందుగా ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేయి. కిటికీ వెలుతురు చాలు, నేరుగా ఎండ వద్దు. మీద పారదర్శకంగా ఒక కవరు బోర్లించు, ఆకులు వాడకుండా తేమ నిలుస్తుంది.

కప్పు నుంచి కుండీకి మార్చడంలోనే అందరూ తొందరపడేది. రెండు ఆకులు విప్పుకోగానే బతికిందని సంబరపడి పీకేస్తారు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే చిగురు వస్తుంది, వేరు లేకుండానే. చిగురు చూసి మార్చకు, వేరు చూసి మార్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులో పెడితే పీకకుండానే గోడ పొడవునా తెల్లగా కనిపిస్తాయి. ఆ తెల్ల వేళ్లు గోధుమ రంగుకు తిరిగి కప్పు అడుగున చుట్టలు చుట్టుకునేదాకా ఉంచినా ఇబ్బందే. అప్పుడు కప్పుకు ముదిరింది అన్నమాట. సాయంత్రం పూట మట్టి గడ్డ చెదరకుండా దించి, నాలుగు రోజులు నీడన ఉంచు.

హాలియా సభ్యురాలు:
నా కప్పులు పేపర్‌వి అన్నా, ఏమీ కనబడదు. ఒక కొమ్మకు మాత్రం మూడు చిగుర్లు వచ్చాయి, అనుమానంగానే ఉంది. నాన్నకు మీ "కు" గురించి ఫోన్లో చెప్పాను. "భాష సంగతి తర్వాత, ముందు కాలువ ఎప్పుడిడుస్తరో మీ గ్రూపుల అడుగు" అన్నాడు.

మిర్యాలగూడ సభ్యుడు:
అది మాకూ కావాలి, చెల్లె. తెలిస్తే ఇక్కడే పెట్టు. ఇంకొకటి, కోస్తా వైపు నాటిన వరి పచ్చబడి నిలదొక్కుకుంటే "మూన తిరిగింది" అంటారు. మేము "నాటు పచ్చబడ్డది" అంటాం. మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడం కలుస్తుంది కదా, అక్కడ ఏమంటారో ఎవరైనా చెప్పండి.