నాయనకు ఇంట్లోకి హాస్పిటల్ బెడ్ కావాల, కర్నూల్లో తక్కువలో ఎట్లా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అన్నలకు అక్కలకు నమస్కారం. మా నాయనకు 67 ఏండ్లు, నెల కిందట పొద్దున్నే బాత్రూంకు పోయి వస్తా పడిపోయినాడు, పక్షవాతం అన్నారు, కుడి చెయ్యి కుడి కాలు రెండిట్లో పట్టు లేదు. మాట ముద్దగా వస్తాంది కానీ అన్నీ అర్థమైతాయి, అందరినీ గుర్తుపడతాడు. ఇంగ ఇంటికి తీస్కపోయి ఫిజియో చేపించుకోండి అన్నారు, వచ్చే సోమవారం డిశ్చార్జ్.

ఇంట్లో నేను, అమ్మ ఇద్దరమే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాయన 70 కిలోల పైనే ఉంటాడు. మా ఇంట్లో ఉండేది పాత టేకు మంచం, బాగా కిందికి ఉంటాది, దాని మీద ఆయన్ను లేపి కూర్చోబెట్టి అన్నం పెట్టేది మా ఇద్దరితో అయ్యే పని కాదు. అందుకే హాస్పిటల్ బెడ్ చూస్తాన్నా. సర్జికల్ షాపులు మూడు తిరిగినా, రిమోట్‌తో లేచే మోటర్ బెడ్ 65 వేలు అన్నారు, ఒక హ్యాండిల్‌ది 14 వేలు, రెండు హ్యాండిళ్లది 22 వేలు, పరుపు వేరే. నేను బట్టల షాపులో పని చేస్తా, ఆసుపత్రి ఖర్చులకే చీటీ పాడేసినా. బాడుగకు తీసుకుంటే మేలా, సెకండ్ హ్యాండ్ మంచిదేనా, ఒక హ్యాండిల్ చాలునా? ఇంకోటి, మా ఇల్లు బురుజు వెనక సందులో మొదటి అంతస్తు, మెట్లు చాలా ఇరుకు. ఎవరైనా ఇది పడినోళ్లు ఉంటే చెప్పండి, నాకు ఏమీ తోచడం లేదు.

అనంత బాబాయి (అనంతపురం):

తమ్ముడూ, ముందుగాల మోటర్ బెడ్ ఆలోచన తీసేయ్, ఇంట్లో పక్కన మనిషి ఉన్నప్పుడు చేత్తో తిప్పేది చాలు, కరెంటు పోతే దానికి ఏమీ కాదు. కానీ ఒక హ్యాండిల్‌ది మాత్రం తీసుకోవద్దు, ఇది నేను మా అమ్మ విషయంలో దెబ్బతిని చెప్తాన్నా. అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు 8 వేలు మిగులుతాయి కదా అని ఒక హ్యాండిల్‌దే తెచ్చినాము. దాంట్లో వీపు వైపు మాత్రమే లేస్తాది. పైకి లేపిన పది నిమిషాలకు అమ్మ మెల్లగా కిందికి జారిపోయేది, మేము చంకల కింద చేతులు పెట్టి పైకి లాగేవాళ్లం, రోజుకు ఎన్నిసార్లో లెక్కే లేదు. అట్లా జారి జారి నడుము కింద ఎముక దగ్గర తోలు ఒరుసుకుపోయి పుండు పడింది. రెండు హ్యాండిళ్లదానికి మోకాళ్ల దగ్గర కూడా లేస్తాది, ముందు మోకాళ్ల వైపు కొంచెం లేపి తర్వాత వీపు లేపితే మనిషి జారడు. దించేటప్పుడు ముందు వీపు, తర్వాత మోకాళ్లు. షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు మాకు.

బాడుగ సంగతి అంటావా, నెలో రెండు నెలలో అయితే మేలే. మేము నెలకు 3 వేలకు తీసుకుందామని ఒక షాపులో 10 వేలు అడ్వాన్స్ అడిగితే వెనక్కి వచ్చినాము, అమ్మ ఎనిమిది నెలలు మంచం మీదే ఉండింది, లెక్క వేసుకో, బాడుగే 24 వేలు అయ్యేది. నాయనకు ఎన్ని నెలలు పడతాదో డాక్టర్ను అడుగు, దాన్ని బట్టి చూసుకో. బాడుగకే పోతే అడ్వాన్స్ ఎంత, రిపేర్ ఎవరిది, వెనక్కి తీస్కపోయే ఆటో ఖర్చు ఎవరిది, ఇవన్నీ బిల్లు మీద రాపిచ్చుకో.

ప్రొద్దుటూరు సిస్టర్ (స్టాఫ్ నర్సు):

తమ్ముడూ, బెడ్ గురించి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను చెప్పేది దాని మీద వేసే ఎయిర్ బెడ్ గురించి, నన్నడిగితే డబ్బులు తక్కువైతే మంచంలో తగ్గించుకోండి గానీ దీంట్లో తగ్గించొద్దు. ఆల్ఫా బెడ్ అంటారు, బుడగలు బుడగలుగా ఉంటాది, చిన్న మోటర్ ఒక వరస బుడగల్లో గాలి నింపి ఇంకో వరసలో తీసేస్తా ఉంటాది, ఒకే చోట ఒత్తిడి పడకుండా. స్పాంజి పరుపు మీద ఇది, దీని మీద ఒక పల్చటి నూలు దుప్పటి అంతే. దాని మీద బొంత, ప్లాస్టిక్ షీటు, మళ్లా ఇంకో దుప్పటి వేసి పడుకోబెడతారు చాలామంది, అట్లయితే అది వేసినా వేయనట్టే. వేసినాక నాయన పిరుదుల కింద, పరుపుకూ ఎయిర్ బెడ్‌కూ మధ్యలో చెయ్యి దూర్చి చూడు, ఎముక నీ చేతికి తగులుతాంటే గాలి చాలలేదని. మోటర్ తీసుకునేది చాలా తక్కువ కరెంటు, ఇన్వర్టర్ ఉంటే దానికి కలుపుకో.

కానీ తమ్ముడూ, ఎయిర్ బెడ్ ఉంది కదా అని పక్కకు తిప్పడం మానొద్దు. రెండు గంటలకొకసారి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి ఏటవాలుగా. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. రోజూ స్నానం తుడిచేటప్పుడు నడుము కింద, మడమలు, తుంటి చూడు, ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదులు, తెల్లబడి మళ్లా ఎర్రగా వస్తే పర్వాలేదు, నొక్కినా తెల్లబడకుండా ఉంటే అదే పుండుకు మొదలు, ఆ పక్క పడుకోబెట్టొద్దు, డాక్టర్‌కు చూపియ్యి. అక్కడ గట్టిగా రుద్దొద్దు. గాలి ట్యూబులాగా గుండ్రంగా ఉండేది కొనకు, దాని అంచు చుట్టూ రక్తం ఆడదు.

తినేటప్పుడు వీపు వైపు బాగా పైకి, తిన్నాక అరగంట అట్లే ఉంచండి. నీళ్లకు దగ్గు వస్తాంటే చెప్పండి డాక్టర్‌కు, పల్చటి నీళ్లకన్నా చిక్కగా ఉండేదే కొందరికి సులభంగా దిగుతాది, అది ఎక్కడిదాకా ఎట్లా ఇయ్యాలనేది వాళ్లే చూసి చెప్పాల. కుడి చెయ్యి పట్టుకొని మాత్రం ఎవ్వరూ లేపొద్దు, అమ్మకు కూడా గట్టిగా చెప్పు, పట్టు లేని భుజం లాగితే కీలు జారుతాది.

ఓర్వకల్లు రాళ్లు:

బ్రో, సెకండ్ హ్యాండ్ ధైర్యంగా తీసుకో, ఇనుపదే కదా. మాకు మా మామ పోయినాక ఇంట్లో ఉన్న బెడ్ అట్లే ఒకరికి ఇచ్చేసినాము, ఇట్లాంటివి ఊర్లో చాలా ఇండ్లల్లో దుమ్ము పట్టి ఉంటాయి, ఫిజియో చేసేవాళ్లను, ఇండ్లకు వచ్చే నర్సులను అడుగు, వాళ్లకు ఏ ఇంట్లో ఉందో తెలుస్తాది. చూసేటప్పుడు ఖాళీ బెడ్ తిప్పి చూడొద్దు, నువ్వే దాని మీద పడుకో, ఇంకొకరితో రెండు హ్యాండిళ్లూ పైకీ కిందికీ బాగా తిప్పిచ్చు, మధ్యలో పట్టు తప్పి జారినట్లు అనిపిస్తే లోపల స్క్రూ రాడ్డు మరలు అరిగినాయని, వదిలేయ్. చక్రాల బ్రేకులు వేసి నెట్టి చూడు. పరుపు మాత్రం కొత్తదే తీసుకో, పాతది ఎంత కడిగినా వాసన పోదు.

మెట్ల సంగతి, బెడ్ సుమారు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటాది, తల వైపు కాళ్ల వైపు పలకలు ఊడొస్తాయి, పక్క రెయిలింగులు కూడా. కొనే ముందే టేపు తీస్కపోయి మీ మెట్ల మలుపు, తలుపు కొలుచుకో. ఎక్కకపోతే కింద ఇంట్లో వాళ్లను ముందు గది అడిగి చూడు కొన్ని నెలలకు, నాయనను ఫిజియోకు దించాలన్నా అదే సులువు.

ఇంకో మాట, సచివాలయంలో అడిగినావా? పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి నెలకు 15 వేలు పింఛన్ ఉంది, డాక్టర్ల సర్టిఫికెట్ కావాల. నాయన లేచి నడిస్తే అది రాకపోవచ్చు, నడవాలనే కోరుకుందాం, కానీ అడిగి పెట్టుకో. వీల్ చెయిర్‌కైతే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, 60 దాటిన పేదోళ్లకు ఉచితంగా ఇస్తారు, 2017లో మన నెల్లూర్లోనే మొదలుపెట్టినారు. బెడ్ దాంట్లో రాదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అందరికీ చేతులెత్తి దండం పెడతాన్నా. పది రోజులైంది, రాయడానికి ఇప్పుడు తీరింది. ఫిజియో ఆయన్ను అడిగితే నంద్యాల చెక్‌పోస్ట్ అవతల ఒకరింట్లో రెండు హ్యాండిళ్లది ఉందని చెప్పినాడు, వాళ్లమ్మ గారిదంట. నేను పడుకొని తిప్పిచ్చినా, రాడ్డు బాగుంది. 9 వేలకు ఇచ్చినారు, ఆమె కప్పుకున్న శాలువా కూడా ఉంచుకోండి అని ఇచ్చినారు, వద్దనలేకపోయినా. పరుపు, ఎయిర్ బెడ్ కొత్తవి, రెండూ కలిపి 7,500 అయినాయి. బెడ్ మెట్ల మలుపు దగ్గర నాలుగు వేళ్ల తేడాలో ఆగిపోయింది, చక్రాలు కూడా ఊడదీసి నిలువుగా ఎత్తితే ఎక్కింది, షాపులో పనిచేసే పిల్లోళ్లు నలుగురు వచ్చినారు.

సిస్టర్, నువ్వు చెప్పినట్లే రాత్రిళ్లు అలారం పెట్టుకొని తిప్పుతాన్నాము, పన్నెండు గంటలది అమ్మ, రెండు గంటలది నేను. నడుము కింద కొంచెం ఎర్రగా ఉండేది ఇప్పుడు తగ్గింది. నిన్న మోకాళ్లు లేపి వీపు లేపి కూర్చోబెడితే జారకుండా అరగంట కూర్చున్నాడు, గిన్నె ముందర పెడితే ఎడమ చేత్తో స్పూను పట్టుకొని తనే తిన్నాడు, సగం దుప్పటి మీద పడింది, అమ్మ ఒక్క మాట అనలేదు.

అన్నా, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా కీచుమంటాంది, రాత్రి నాయన ఉలిక్కిపడి లేస్తాన్నాడు, నూనె వేయాల్నా?

ఓర్వకల్లు రాళ్లు:

నూనె వద్దు బ్రో, కారి పరుపుకు అంటుతాది. సైకిల్ షాపులో గ్రీజు తెచ్చి రాడ్డు మొత్తానికి పట్టిచ్చి నాలుగుసార్లు తిప్పు. హ్యాండిల్ వాడినాక లోపలికి మడిచి పెట్టండి, అమ్మ చీకట్లో అటు పోతే మోకాలికి తగులుతాది.