మాట ఆగిపోయినప్పుడు అందించాలా, ఆగాలా?

కౌంటర్ నంబర్ 3
బ్యాంకులో క్యాష్ కౌంటర్లో పనిచేస్తాను. పోయిన నెల ఒకాయన వచ్చారు, యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు తేలేదని సైగ చేసి, విత్‌డ్రా ఫారం నింపమని నా ముందుకు జరిపారు. ఎంత రాయమంటారండీ అన్నాను. "ప... ప..." దగ్గర ఆగిపోయారు. దవడ బిగుసుకుంది, కళ్ళు మూసుకున్నారు. వెనక ఏడెనిమిది మంది ఉన్నారు. ఆయన్ని ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని "పదివేలా?" అన్నాను. తలూపారు. డబ్బు తీసుకుని వెళ్ళారు.

అరగంట తర్వాత మళ్ళీ అదే క్యూలో కనిపించారు. ఎవరితోనో రాయించుకున్న ఇంకో ఫారం, ఐదు వేలకి. ఆయనకు కావలసింది పదిహేను. అప్పటి నుంచి మనసులో పీకుతోంది. నేను చేసింది సాయమా, తప్పా? నత్తి ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పండి.

మూసాపేట నడక
నాకు నత్తి. ముప్పై నాలుగేళ్ళు. మాట గుర్తు రాక ఆగడం వేరు, మేము ఆగడం వేరు. ఏం చెప్పాలో మాకు తెలుసు, మాట నోట్లోనే ఉంటుంది, బయటికి రాదు. కాబట్టి మీరు అందిస్తున్నది మా దగ్గర లేనిదేమీ కాదు.

ఆయన ఎందుకు తలూపారో నాకు బాగా తెలుసు. "కాదండీ, పదిహేను" అనాలంటే మళ్ళీ అదే "ప" దాటాలి. తలూపితే అక్కడికి అయిపోతుంది. డిగ్రీ రోజుల్లో నేను కూకట్‌పల్లిలో దిగాలి. కండక్టర్ ముందు "కూ" రాక, ముందు స్టాపు మూసాపేటకి టికెట్ తీసుకుని మిగతా దూరం నడిచేవాణ్ణి. మూడేళ్ళు. కాఫీ తాగాలని ఉన్నా టీ అని చెప్పేవాణ్ణి. ఇలా మాటలు మార్చుకుంటూ నెట్టుకొస్తాం. మార్చుకోవడానికి వీల్లేనిది సొంత పేరు. అందుకే ఎవరైనా "మీ పేరు?" అంటే అంత టెన్షన్.

పైగా మన తెలుగులో ఔనో కాదో వాక్యం చివరికి గానీ తేలదు. "రేపు ఆఫీసుకి ర... ర..." అనగానే మా మేనేజర్ "రండి, రండి" అనేశారు. నేను చెప్పబోయింది రాలేనని. అందించకండి. ఆగండి. నా మాట అదే.

రెండు జడలు
నేను ఒప్పుకోను. నాకూ చిన్నప్పటి నుంచి నత్తే. మా పాపకు అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. డ్యూటీ నర్సు ఏమైందమ్మా అంది. నాకు "ఫ" దగ్గర గొంతు పట్టేసింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, నా ముఖంలోకి చూస్తూ, ఓపిగ్గా నిలబడింది. ఆ క్షణంలో నాకు ఆ ఓపిక అక్కర్లేదు. "ఫిట్సా?" అని ఒక్క మాట అని ఉంటే చాలు.

మా ఆయన పదేళ్ళుగా నా మాటలు పూర్తి చేస్తున్నారు. నాకది ఎప్పుడూ చిన్నతనంగా అనిపించలేదు. అందరూ మాట మానేసి నా నోటి వంక చూస్తూ ఎదురుచూడటమే నాకు నరకం. నత్తి ఉన్నవాళ్ళందరి తరఫునా మీరొక్కరే తీర్పు చెప్పకండి అన్నయ్యా.

రిటైర్డ్ మాస్టారు
ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఇలాంటి పిల్లలకు "గాలి పీల్చుకుని నిదానంగా చెప్పు నాన్నా" అనేవాణ్ణి, ప్రేమతోనే. ఒక కుర్రవాడు పద్యం రాగం తీసి పాడితే ఎక్కడా తడబడేవాడు కాదు. పాఠం చదవరా అంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. కావాలని చేస్తున్నాడనుకుని ఒకసారి బెంచీ ఎక్కించాను. వాళ్ళమ్మ వసకొమ్ము అరగదీసి నాకించేది, నేనూ వద్దనలేదు. ఎందుకలా జరుగుతుందో తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

మైసూరు విద్యార్థిని
మాస్టారూ, మైసూరు ఐష్‌లో, అంటే మాట, వినికిడి సమస్యల జాతీయ సంస్థలో చదువుకున్న స్పీచ్ థెరపిస్టుని. ఆ అబ్బాయి నటించలేదు. పాడేటప్పుడు, నలుగురితో కలిసి ఒకేసారి చదివేటప్పుడు చాలామందికి నత్తి రాదు. విడిగా, అప్పటికప్పుడు మాట కూర్చుకుని మాట్లాడేటప్పుడే వస్తుంది.

సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. చాలామంది పిల్లల్లో దానంతట అదే పోతుంది. పెద్దవాళ్ళలో సుమారు 100 మందిలో ఒకరికి మిగులుతుంది, ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో ఎక్కువ. వసతో పోదు. తల్లి పెంపకం వల్ల రాదు. కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందని ఎప్పటి నుంచో తెలుసు, 2010లో పాకిస్తాన్‌కు చెందిన ఒక కుటుంబం మీద చేసిన పరిశోధనతో దీనికి సంబంధమున్న జన్యువు కూడా బయటపడింది.

"నిదానంగా చెప్పు" అనేది ప్రేమతో అన్నా, పిల్లవాడికి వినపడేది "నువ్వు తప్పుగా మాట్లాడుతున్నావు" అనే. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలుగా మాట్లాడే కొందరికి నీ మాట సరిగా లేదని పదేపదే చెప్పారు. వాళ్ళకు నత్తి రాలేదు గానీ, నోరు తెరవడానికే జంకారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. పిల్లవాణ్ణి నిదానించమనే బదులు మనం నిదానంగా మాట్లాడితే చాలు.

మూసాపేట నడక
అమ్మా రెండు జడలు, ఆస్పత్రి సంగతి ఒప్పుకుంటున్నాను. పాప ప్రాణం కంటే నా పట్టుదల ఎక్కువ కాదు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పటి పద్ధతిని ఇంటర్వ్యూకీ, కిరాణా కొట్టుకీ తెస్తే ఒప్పుకోను. ఒక ఇంటర్వ్యూలో నా పేరు దగ్గర ఆగిపోతే ఒకాయన "పేరు మర్చిపోయారా?" అని నవ్వారు. ఫోన్లో అయితే మా మౌనం విని లైన్ పోయిందనుకుని పెట్టేస్తారు. ఒక్క ఐదారు సెకన్లు ఆగండి, అంతే అడిగేది.

రెండు జడలు
ఇంటర్వ్యూ విషయం నిజమే, అక్కడ నేనూ ఎవరినీ అందించనివ్వను. కానీ కౌంటర్ నంబర్ 3 గారూ, ఇంతమందిమి ఇక్కడ వాదించుకుంటున్నాం, ఆయన్ని ఎవరైనా అడిగారా? మా ఆయన పెళ్ళైన కొత్తలో అడిగారు. అందుకే నాకు బాధ లేదు.

రిటైర్డ్ మాస్టారు
ఆ అబ్బాయి మా ఊళ్ళోనే ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. రేపు పొద్దున్నే వెళ్తాను.

కౌంటర్ నంబర్ 3
ఆయన ఈ రోజు వచ్చారు. ఈసారి కళ్ళజోడు ఉంది, ఫారం నింపే తెచ్చారు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పోయిన నెల తొందరపడ్డానండీ, ఇకమీదట అందించమంటారా, ఆగమంటారా అని మెల్లగా అడిగాను. "అం... అం..." అన్నారు. అందించమంటున్నారనుకున్నాను, నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి నోరు కట్టేసుకున్నాను. చాలాసేపు పట్టింది.

"అంకెలు మాత్రం నన్నే చెప్పనివ్వండి" అన్నారు.