ఇన్‌కార్నడైన్: డైనా, డీనా? కార్డు వెనక ఏ తెలుగు మాట రాయాలి?

సందేహి:
ఒక పాదం మూడు రోజులుగా నోట్లో నానుతోంది, పూర్తిగా రావట్లేదు. షేక్స్‌పియర్ నాటకం మాక్‌బెత్‌లో హత్య అయ్యాక మాక్‌బెత్ చేతులు చూసుకునే చోటు. ‘...సీజ్ ఇన్‌కార్నడీన్, మేకింగ్ ది గ్రీన్ వన్ రెడ్’. దానికి ముందు ‘మల్టి’తో మొదలయ్యే పొడుగాటి విశేషణం ఒకటి ఉండాలి. ఇంగ్లీషు సాహిత్యం తరగతి కోసం కఠిన పదాల కార్డులు తయారవుతున్నాయి. ఈ మాటకి కార్డు వెనక ఒకే ఒక్క తెలుగు మాట రాయాలంటే ఏది రాయాలి? ‘ఎర్రబరచు’ చప్పగా ఉంది.

యతిప్రాస:
రెండో అంకం, రెండో రంగం. ‘విల్ ఆల్ గ్రేట్ నెప్ట్యూన్స్ ఓషన్ వాష్ దిస్ బ్లడ్ / క్లీన్ ఫ్రమ్ మై హ్యాండ్? నో, దిస్ మై హ్యాండ్ విల్ రాదర్ / ది మల్టిట్యూడినస్ సీజ్ ఇన్‌కార్నడైన్, / మేకింగ్ ది గ్రీన్ వన్ రెడ్.’

తెలుగు మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డీన్ తీసేసి డైన్ చేయండి.

నిఘంటువు పక్షం:
యతిప్రాస గారూ, తొందరపడకండి. మెరియమ్ వెబ్‌స్టర్ డైన్, డీన్, డన్ మూడింటినీ ఇస్తుంది. డీన్ తప్పని ఎలా అంటారు?

యతిప్రాస:
నిఘంటువు ఈనాటి నోళ్లలో ఉన్నది రాస్తుంది. మన ముందున్నది పద్యం. ‘ది మల్టిట్యూడినస్’ పాదాన్ని వేలి మీద లెక్కపెడితే అక్షరాలు పదకొండు వస్తాయి, ఈ ఛందస్సులో ఉండాల్సినవి పది. ‘మల్టిట్యూడినస్’లో ‘డి’ని మింగి ‘మల్టిట్యూడ్‌నస్’ అంటే పది సరిపోతాయి. అప్పుడు ఊనిక మల్, ట్యూడ్, సీజ్, కార్, డైన్ మీద పడుతుంది. చివరి అక్షరం మీద ఊనిక పడాలి కాబట్టి డన్ ఇక్కడే ఎగిరిపోయింది.

నిఘంటువు పక్షం:
డన్ పోయింది, ఒప్పుకుంటాను. ఊనిక డీన్ మీద కూడా అంతే హాయిగా కూచుంటుంది కదా?

యతిప్రాస:
కూచుంటుంది. అందుకే ఇంకో సాక్షి కావాలి. ఇంగ్లీషు కవి ఫిట్జెరాల్డు 1859లో అనువదించి వేసిన ఒమర్ ఖయ్యాం రుబాయీల్లో బుల్‌బుల్ ఎర్రటి వైన్ కావాలని గులాబీతో మొరపెట్టుకునే పద్యం ఉంది. మొదటి పాదం ‘డివైన్’తో, రెండోది ‘వైన్’తో, నాలుగోది ‘ఇన్‌కార్నడైన్’తో ముగుస్తాయి. నాలుగు పాదాల రుబాయీలో అంత్యప్రాసకి మూడో పాదానికే వెసులుబాటు, తక్కిన మూడూ కలవాల్సిందే. డీన్ అంటే ఆ పద్యం కుంటుతుంది.

నిఘంటువు పక్షం:
అది ఫిట్జెరాల్డు చెవి. షేక్స్‌పియర్ చెవికి, దానికి మధ్య రెండున్నర శతాబ్దాలున్నాయి. కార్డు మీద డైన్ రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు. డీన్ అన్న విద్యార్థిని మాత్రం తప్పు పట్టొద్దు.

అమరాభిమాని:
ఉచ్చారణ దగ్గరే ఆగిపోతున్నారు. గొడవంతా అర్థంలో ఉంది. ఈ మాట మూలం లాటిన్‌లో మాంసం, కార్నిస్. ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ఒంటి రంగు, తెలుపులో ఎరుపు కలిసిన చాయ. దాన్ని క్రియగా వాడిన తొలి దాఖలాగా చూపించేది ఈ పాదాన్నే. ఆ తర్వాత జనం దాన్ని నెత్తురు రంగనే చదివారు, నిఘంటువుల్లో ఆ అర్థమూ చేరింది. అంటే అర్థాన్ని ఈ పాదమే మార్చింది.

ఇక మనవైపు చూడండి. సంస్కృత నిఘంటువు అమరంలో ‘అవ్యక్తరాగస్త్వరుణః శ్వేతరక్తస్తు పాటలః’. అరుణమంటే ఇంకా పూర్తిగా తేలని ఎరుపు, పాటలమంటే తెలుపు కలిసిన ఎరుపు. పాత ఇన్‌కార్నడైన్‌కి పాటలం అచ్చంగా సరిపోతుంది. మాక్‌బెత్ పాదానికి సరిపోదు. అమరంలోనే పై పాదానికి ముందు పాదంలో శోణః కోకనదచ్ఛవిః, ఎర్రకలువ రంగు. శోణం నుంచే శోణితం. రంగూ నెత్తురూ ఒకే ధాతువులో దొరుకుతున్నాయి. నా ఓటు ‘శోణింపజేయు’కి.

అచ్చతెనుగు:
శోణింపజేయు ఎవరు అంటారండీ? ఎక్కడా వాడుక లేదు. మనకి కెంపెక్కించు ఉంది, ఎరుపెక్కించు ఉంది.

అమరాభిమాని:
అప్పటికి ఇన్‌కార్నడైన్‌ని క్రియగా ఎవరన్నారు? వాడుక లేని మాటని క్రియ చెయ్యడంలోనే ఆ పాదం బలముంది. తెలుగులోనూ కొత్తగా వినపడాలి. కెంపెక్కడం సిగ్గుకి చెందింది, చెక్కిళ్లు కెంపెక్కుతాయి. ఫిట్జెరాల్డు గులాబీ చెంపకి బ్రహ్మాండంగా నప్పుతుంది, హంతకుడి చేతికి నప్పదు.

అచ్చతెనుగు:
చేతికే మరింత నప్పుతుంది. కెంపు, కేలు కలిస్తే కెంగేలు. కావ్యాల్లో నాయిక అందాన్ని చెప్పే మాట. అదే కెంగేలు ఇక్కడ కడలిని కెంపు చేస్తుంటే చదివేవాడి ఒళ్లు జలదరించదూ? ఒంటి రంగు చెప్పే సుకుమారమైన మాటని షేక్స్‌పియర్ నెత్తురుకి వాడిన పద్ధతీ అదే.

అమరాభిమాని:
కెంగేలు మాట బాగుంది. క్రియ విషయంలో నా పట్టు వదలను.

పాదసూచిక:
సందేహి గారూ, కార్డు వెనక ఒకే మాట రాయాలన్న నియమం దగ్గరే చిక్కుంది. ఒకే మాట రాసుకున్నవాళ్లు పరీక్షలో ‘ఎర్రబరచు’ అని రాసి ఆగిపోతారు. తరగతి అడిగేది అది కాదు, ఈ మాటే ఎందుకు వాడాడు అని.

కార్డు ముందు వైపు మాటని ఒంటరిగా పెట్టకండి. పాదం మొత్తం, దాని కింది పాదం కూడా రాసి, మాట కింద గీత పెట్టండి. వెనక వైపు మొదట భాషాభాగం రాయండి. ఇక్కడ క్రియ అని రాయకపోతే చాలామంది దీన్ని సీజ్‌కి విశేషణమనుకుని వాక్యాన్ని తలకిందులు చేస్తారు. కర్త ‘హ్యాండ్’, కర్మ ‘సీజ్’, క్రియ చివర. తెలుగువాళ్లకి ఈ వరస సొంత వాక్యంలానే ఉంటుంది, ఇంగ్లీషులోనే అది విడ్డూరం. దాని కింద ఊనిక ఎక్కడ పడుతుందో, ధాతువేమిటో రాయాలి. ఆ తర్వాత బంధువుల్లో రెండే రెండు రాయండి, ఇన్‌కార్నేట్, కార్నేజ్ చాలు. కార్మైన్, క్రిమ్సన్‌లని మాత్రం చేర్చకండి. చూడ్డానికి చుట్టాల్లా ఉంటాయి గానీ వాటి దారి వేరు, అరబీ ‘కిర్మిజ్’ నుంచి వచ్చాయి. పురుగు నుంచి తీసే రంగు అది. వాటిది మన కృమితో చుట్టరికం, మాంసంతో కాదు.

అట్టడుగున ఒక ప్రశ్న రాయండి: ఈ మాట తీసి ‘రెడెన్’ పెడితే ఏం పోతుంది? జవాబు మీ మాటల్లో రెండు వాక్యాలు. నాలుగక్షరాల నిడివి పోతుంది, ఒంటి వాసన పోతుంది, కింది పాదంతో వైరుధ్యం పోతుంది. సాహిత్యం తరగతికి పనికొచ్చేది ఈ రెండు వాక్యాలే.

అంకానికి ఎనిమిది, మహా అయితే పది మాటలు. ఐదంకాలకి నలభై, యాభై అవుతాయి, అంతకు మించితే నిలవవు. రాసిన మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి మళ్లీ తిప్పండి. తిప్పినప్పుడు వెనక చదవడం కాదు, ముందు వైపు చూసి నోటితో చెప్పాలి. తప్పిన కార్డు మళ్లీ మొదటి రోజుకి వెళ్తుంది.

సందేహి:
అక్షర క్రమంలో జాబితా పెట్టుకుంటే తేలిక కదండీ?

పాదసూచిక:
రాయడానికి తేలిక, గుర్తుండడానికి కష్టం. ఒకేలా కనిపించే మాటలు పక్కపక్కన చేరి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ఇన్‌జీనియస్, ఇన్‌జెన్యువస్, వీనల్, వీనియల్, సెన్సువల్, సెన్సువస్. ఇలాంటి జంటలో రెండోదాన్ని మొదటిది స్థిరపడ్డాకే తీసుకోండి, కనీసం వారం ఎడం ఉండాలి. సెన్సువస్‌ని మిల్టనే పుట్టించాడని, సెన్సువల్‌కి అంటుకున్న కామవాసన లేకుండా ఇంద్రియాలకి తగిలేదన్న అర్థానికి పుట్టించాడని తెలిస్తే ఆ జంట ఇక కలవదు.

రెండు కుప్పలు కూడా వేరు చేసుకోవాలి, గుర్తుపట్టే మాటలు ఒకటి, రాసే మాటలు ఒకటి. ఇన్‌కార్నడైన్ గుర్తుపట్టే కుప్పలోది, వ్యాసంలో సొంతంగా వాడితే కృతకంగా ఉంటుంది. రాసే కుప్పలో డిక్షన్ (మాటల ఎంపిక), రిజిస్టర్ (సందర్భానికి తగ్గ భాష తీరు), లాటినేట్ (లాటిన్ మూలమున్నది), మోనోసిలబిక్ (ఒకే అక్షరమున్నది) లాంటివి ఉండాలి. ఈ పాదం గురించి రాయాలంటే కావలసినవి ఇవే.

నిఘంటువు పక్షం:
దీనికి ఒక్కటి కలుపుతాను. కఠినంగా కనిపించే మాట ఎవరినీ మోసం చెయ్యదు, వెతికి చూస్తారు. తెలిసినట్టు కనిపించేదే ముంచుతుంది. ఇదే అంకం మొదటి రంగంలో బాకుని ‘సెన్సిబుల్’ అంటాడు. వివేకం కాదు, చేతికి తగిలేది అని. మొదటి అంకంలో ‘అడిషన్’ అంటే బిరుదు. హామ్లెట్‌లో ‘లెట్స్’ అంటే అడ్డుకోవడం. ‘స్టిల్’ చాలాచోట్ల ఎల్లప్పుడూ. ‘ప్రెజెంట్లీ’ అంటే తక్షణం. కార్డుల్లో సగం వీటికే కేటాయించండి.

నిఘంటువు ఎంపికా ముఖ్యమే. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన వాటిలో ఈనాడు ఎక్కువ వాడే అర్థం ముందుంటుంది. వెబ్‌స్టర్ కొలీజియేట్‌లో పాత అర్థం ముందుంటుంది. ఇన్‌కార్నడైన్‌కి అందులో మొదట ఒంటి రంగు, తర్వాతే నెత్తురెరుపు. మొదటి అర్థం ఒక్కటే రాసుకుని పోతే సముద్రం గులాబీ రంగు తిరుగుతుంది!

యతిప్రాస:
మీరంతా ‘వన్’ని వదిలేశారు. షేక్స్‌పియర్ నాటకాల తొలి సంపుటి, 1623 ఫోలియోలో కామా ‘వన్’ తర్వాత ఉంది: ‘ది గ్రీన్ వన్, రెడ్’. అలా చదివితే ‘ఆ పచ్చనిదాన్ని ఎర్రగా’ అని చప్పగా తేలుతుంది. కామా తీసి ‘గ్రీన్’ తర్వాత ఊపిరి ఆపితే ‘ఆ పచ్చదనాన్ని ఒకే ఎరుపుగా’. అంతా ఒక్క రంగు, మరో రంగు మిగలకుండా. హామ్లెట్ రెండో అంకంలో ‘టోటల్ గ్యూల్స్’ ఉంది, నిలువెల్లా ఎరుపు. గ్యూల్స్ అంటే కవచ చిహ్నాల పరిభాషలో ఎరుపు. షేక్స్‌పియర్ మనసులో ఆ సంపూర్ణత ఉందనడానికి ఇది చాలు.

నిఘంటువు పక్షం:
అచ్చులో ఉన్న కామాని ఇష్టానికి తీసేయడం పాఠ పరిష్కరణ అనిపించుకోదు.

యతిప్రాస:
ఆ కాలపు విరామచిహ్నాల్లో అచ్చు కూర్చినవాళ్ల చెయ్యి ఎంతుందో మీకు తెలియనిదా? మల్టిట్యూడినస్ అన్న అలల గుంపంతా కరిగి ‘వన్’ కావాలి. అనేకం ఏకమవుతోంది. కామా ఉంటే ఆ జత విరిగిపోతుంది.

అచ్చతెనుగు:
ఇంతకీ మల్టిట్యూడినస్ అంటే లెక్కలేనన్ని సముద్రాలా, లెక్కలేనన్ని అలలున్న సముద్రాలా?

యతిప్రాస:
రెండోదే. సముద్రాలు ఏడే కదా!

అమరాభిమాని:
ఇంకొకటి గమనించారా? ఫిట్జెరాల్డు మొదటి కూర్పులో గులాబీ చెంప ‘యెలో’. మాక్‌బెత్ కడలి ‘గ్రీన్’. తెలుగులో రెండూ పచ్చనే. ఇద్దరూ పచ్చదాన్నే ఎర్రగా మార్చారు. ఈ పోలిక ఇంగ్లీషులో చదివేవాళ్లకి కనపడదు.

అచ్చతెనుగు:
రుబాయీల మాట వచ్చింది గనక ఆదిభట్ల నారాయణదాసు గారిని తలుచుకోకుండా ఎలా? ఖయ్యాంని సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ దింపి 1932లో అచ్చు వేయించారు. ఒకే భావానికి రెండు పలుకుబళ్లు. ఈ పాదంలో షేక్స్‌పియర్ చేసిందీ అదే. పైన మల్టిట్యూడినస్, ఇన్‌కార్నడైన్ రెండూ లాటిన్ సమాసాల్లా మోగుతాయి. కింద గ్రీన్, వన్, రెడ్ అంటూ ఒక్కో అక్షరం ఉన్న ఇంటి మాటలు. పైది తత్సమం, కిందిది అచ్చతెలుగు. మొదటిది అర్థం కానివాడికి రెండోది చెబుతుంది. మన విద్యార్థికి లాటినేట్ అన్న మాట ఇలా చెబితే ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది.

పాదసూచిక:
ఇది కార్డు వెనక ఎక్కాల్సిన మాట. సందేహి గారూ, రాసుకోండి: పైపాదం తత్సమం, కిందిపాదం దేశ్యం.

సందేహి:
రాశాను. డైన్ అని కూడా దిద్దాను. తెలుగు మాట చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. శోణింపజేయా, కెంపెక్కించా?

అచ్చతెనుగు:
కెంపు. కెంపెక్కించు కాకపోతే ‘కెంపు నింపు’ అనండి, సిగ్గు వాసన పోతుంది.

అమరాభిమాని:
కెంపు రాయి కూడా. తళుకు వచ్చేస్తుంది. నెత్తురుకి తళుకెందుకు?

అచ్చతెనుగు:
తడి నెత్తురు తళుక్కుమంటుంది గదా. నారాయణదాసు గారి నవరసతరంగిణిలో షేక్స్‌పియర్, కాళిదాసుల ఘట్టాలు అచ్చతెలుగులో ఉన్నాయి. పుస్తకం దగ్గరున్నవాళ్లు ఎవరైనా భయానకం, బీభత్సం భాగాలు తిరగేసి, ఎరుపుకి ఆయన ఏ ఏ క్రియలు వాడారో ఇక్కడ పెట్టండి. అప్పుడు శోణం సంగతి తేలుద్దాం.

యతిప్రాస:
పెట్టేటప్పుడు ‘వన్’ లాంటి చోట్ల ఆయన విరామం ఎక్కడ ఉంచారో కూడా చూడండి.