మూడు బర్నర్ల స్టవ్‌కి చిమ్నీ: ఎంత సక్షన్, పైపు ఎటు?

పాలకొల్లు కోడలు:
పాత మండువా ఇంటి పక్కన కొత్తగా శ్లాబు వేసి వంటిల్లు కట్టాం. పదడుగులకు పదడుగులు. మా ఇంట్లో చేపల వేపుడో రొయ్యల వేపుడో లేని రోజు తక్కువ. ఎండుమిరపకాయల తాలింపు పడిందంటే హాల్లో మావయ్యగారికి దగ్గు మొదలు. షాపులో ఒకాయన 1200 సక్షన్ (గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి లాగేది) చాలంటాడు, ఇంకొకాయన 1500 తీసుకోమంటాడు. స్టవ్ కిటికీ కిందే ఉందండి. అసలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సరిపెట్టుకోవచ్చా?

భీమవరం రొయ్యలరైతు:
ఒక్కసారి లెక్క వేసుకోండి చెల్లెమ్మా. ఎత్తు కూడా పదడుగులే అనుకుంటే మీ గది 28 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలన్నా 340 చాలు. కానీ డబ్బా మీద వేసే 1200 చాలావరకు పైపు తగిలించకముందు మాట. పైపు, బెండ్లు, ఫిల్టర్‌కి పట్టిన జిడ్డు కలిసి అందులో చాలా తినేస్తాయి. అయినా వేపుళ్ల ఇంటికి 1200 చాలు. 1500కి డబ్బుతో పాటు చప్పుడు కూడా కొనుక్కోవాలి. వెడల్పు మాత్రం 90 సెంటీమీటర్లది తీసుకోండి. 60ది పెడితే చివరి బర్నర్ పొగ పక్కనుంచి జారిపోవచ్చు.

రాజోలు వైరింగ్ పని:
ఆయ్, నేను ఇవి బిగిస్తుంటానండి. సక్షన్ గురించి అడిగినంతగా పైపు గురించి ఎవరూ అడగరు, తేడా వచ్చేది అక్కడే. పైపు 6 అంగుళాలది, మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు. గోడలో పాత 4 అంగుళాల కన్నం ఉంది కదా అని అందులోకి దూర్చమంటారు, ఒప్పుకోవద్దు. ముడతల అల్యూమినియం పైపైతే పూర్తిగా సాగదీసి బిగించాలి, ముడతల్లో నూనె నిలుస్తుంది. ఒక బెండుతో బయటపడితే బంగారం. బయటికి కాస్త వాలు ఇవ్వాలి. కన్నం బీము జోలికి పోకుండా, జల్లు కొట్టని గోడకి, సన్‌షేడ్ కింద పడేలా మేస్త్రికి ముందే గీత గీసి చూపించండి. బయట రెక్క మూత తప్పనిసరి, లేకపోతే ఉడతలు పీచు తెచ్చి కాపురం పెడతాయి. సన్న జాలీ మాత్రం వద్దు, జిడ్డుతో మూసుకుపోతుంది.

స్టవ్ పైనుంచి చిమ్నీ అడుగుకి 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. ఇక కిటికీ సంగతి. కాలువ మీద నుంచి గాలి కొట్టిందంటే పొగ చిమ్నీకి అందకముందే హాల్లోకి పోతుంది. స్టవ్‌ని జరపాల్సిందే.

పాలకొల్లు కోడలు:
జరపడమంటే అత్తయ్యగారు ఒప్పుకోవాలి కదండీ! ఆగ్నేయం, తూర్పు ముఖం.

అమలాపురం మాస్టారు:
ఆగ్నేయం ఎక్కడికీ పోదమ్మా. అదే తూర్పు గట్టు మీద కిటికీ దాటించి మూలకి జరిపితే చాలు. వండేటప్పుడు ఆ కిటికీ మూసి, దూరంగా ఉన్నది ఇంకోటి తీసి ఉంచండి. అన్నీ బిగించుకుంటే లోపలికి గాలి రాక చిమ్నీ దేన్ని లాగుతుంది?

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగని పంపుతుంది కానీ జిడ్డుని ఆపదు, రెక్కలకీ గోడకీ పూస్తుంది. రోజూ చారు, కూర వండే ఇంటికి అది చాలు, మీకు చాలదు. పైపు లేని బొగ్గు ఫిల్టర్ రకం అసలు వద్దు. వేడీ తేమా మళ్లీ గదిలోకే వదులుతుంది, మన కోనసీమ ఉక్కకి అదొకటి తోడా!

మాది ఆటో క్లీన్. బటన్ నొక్కితే లోపలి జిడ్డు వేడికి కరిగి కింద చిన్న గిన్నెలోకి దిగుతుంది, ముదురు తేనెలా, పాత చేపల వాసనతో. ఆ గిన్నె తీసి కడగాల్సింది మనమే, ఆ సంగతి షాపువాళ్లు చెప్పరు. స్టీలు పలకల ఫిల్టరైతే వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెడితే వదులుతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు వాళ్లు స్క్రూలు కూడా స్టీలువే వేయించుకోండి, ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి అవే.

పాలకొల్లు కోడలు:
అత్తయ్యగారు మూలకైతే సరే అన్నారు. గ్యాస్ ట్యూబు అంతదూరం అందదేమో?

రాజోలు వైరింగ్ పని:
ట్యూబుకి ట్యూబు అతికించి లాగొద్దండి. మీటరున్నర దాటకూడదు, సిలిండర్నే అటు జరపండి. ట్యూబు మీద తేదీ చూడండి, అయిదేళ్లు దాటితే కొత్తది. ప్లగ్ పాయింటు చిమ్నీ పైన, ఎర్తింగ్‌తో మూడు పిన్నులది పెట్టించండి. టైల్స్ అతికించకముందే చెప్పండి, తర్వాత గోడ కొట్టాలంటే మేస్త్రి ఫోన్ ఎత్తడు.